గరుకు వైపు

పోయిన ఏడు అవుకు రిజర్వాయరు గట్టున మా చెల్లెలి కొడుకు కొత్త పడవను మినీ లారీలో తెచ్చినాడు. లారీని వెనక్కి నీళ్లదాకా దించాలని, చక్రాలు బురదలో దిగబడకుండా బేతంచెర్ల బండలు పరిచినాడు. ఇంట్లో పరిచినట్టే నున్నటి వైపు పైకి పెట్టినాడు.

"తిరగెయ్యప్పా. తడిస్తే లారీ, పడవ, నువ్వు, ముగ్గురూ నీళ్లలోనే" అన్నాను.

"నువ్వేమన్నా ఇంజనీరువా మామా?"

నాకు ఒళ్లు మండింది. బడికి పోకపోతేనేం, ముప్పై ఏండ్లు బండల గనిలో పనిచేసినోణ్ణి. బండల మీద బిందెడు నీళ్లు పోసి, "నడువు చూద్దాం" అన్నాను. రెండో అడుగుకే జారి నా భుజం పట్టుకున్నాడు. బండలన్నీ తిరగేసినాడు. పడవ క్షేమంగా నీళ్లలోకి దిగింది.

ఈ ఏడు కొత్తగా పడవలు తెచ్చేవాళ్లకు వాడే చెప్తాండాడు: "గరుకు వైపు పైకి పెట్టండన్నా. మా మామ చెప్పినాడు."