మోటార్ల గది కోసం జనగామ నుంచి కాటారం దిక్కు

మా చెల్లె శిరీష చదివే మానుకోట సర్కారు బడిలో, పిల్లలు మోటార్ల రిపేరు నేర్చుకునే గదికి తాళం వేసి పిల్లల నోట్లో మట్టి కొట్టారు. ఒక మోటార్ల కంపెనీ వాళ్లు సామాను ఇచ్చి, ఫొటోలు దిగి పోయారు. "పాడైతే ఎవలు జవాబు చెప్తరు?" అని పెద్దసారు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పదో తరగతి ప్రాక్టికల్ పరీక్ష నెత్తి మీదికొచ్చింది, పిల్ల ఇప్పటిదాకా పానా పట్టలేదు. నేను జనగామలో కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుడతాను. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి నేర్చుకున్నా. కాటారం దిక్కు ఒక బడిలో ఇలాంటి గదే రోజూ తెరుస్తారని విన్నా. చెల్లె శుక్రవారమే మానుకోట నుంచి రైల్లో నా దగ్గరికి వచ్చింది.

శనివారం పొద్దున ఆరింటికి హన్మకొండ బస్సు, అక్కడినుంచి పరకాల మీదుగా భూపాలపల్లి బస్సు. "నీకు టికెట్, చెల్లెకు పైసల్లేని జీరో టికెట్. ఆడపిల్లలకే ఇజ్జత్ అన్నా!" అని కండక్టరక్క నవ్వింది. భూపాలపల్లిలో ఇడ్లీ తిని కాటారం బస్సెక్కి, మధ్యలో దిగి ఆటో పట్టినం. బడికి చేరేసరికి పదకొండున్నర. నాకు పోవడానికి మూడు వందల లోపే అయింది.

అలవాటుగా గడప బయట చెప్పులు విడిచి లోపలికి పోయిన. మమత అనే పదో తరగతి పిల్ల అరిచింది: "అన్నా, ఆగు! గిది గుడి కాదు, కరెంటు గది. బూట్లేసుకో!"

"మా అన్న ఆరేండ్ల సంది ఉత్తకాళ్లతోనే చేస్తుండు," అంది చెల్లె. గది మొత్తం నవ్వు. సిగ్గుపడి రబ్బరు బూట్లు తొడుక్కున్నా.

ప్రతి శనివారం ఊరి రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చిస్తారట, పిల్లలు విప్పి చుడతారట. "పాడు చెయ్యరా?" అని అక్కడ పని నేర్పడానికి కంపెనీ పంపిన సారును అడిగిన. "కాలిన మోటారును ఇంకేం కాలుస్తరు తమ్మీ?" అన్నాడు. మమత పక్కన కూర్చుని చెల్లె చివరి చుట్టు వేసింది. స్విచ్ వేయగానే మోటారు గుయ్యిమని తిరిగింది. చెల్లె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మోటారు తెచ్చిన రైతు, "బిడ్డా, నా మక్కచేను బతికింది!" అన్నాడు.

ఆరేండ్లు దెబ్బలు తిని నేను నేర్చుకున్నది ఆ పిల్లలు భయం లేకుండా నేర్చుకుంటున్నారు. కుళ్లు రాలేదు, సంబురమైంది. మీరు పోతే శనివారమే పోండి, ముందు రోజు బడికి ఫోన్ చేయండి. ఆడవాళ్లు జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు మరవొద్దు.

పెద్దసారూ, గది ఎప్పుడు తెరుస్తారో వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగింటి లోపు కాగితం మీద రాసి మా చెల్లె చేతికియ్యండి. లేదంటే శనివారం పొద్దున కాలిన మోటారు భుజాన పెట్టుకొని మీ గేటు ముందే కూర్చుంటా.