ఉప్మా పొయ్యి రిజిస్టరుకెక్కిన వైనం

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, జూన్ మొదటి సోమవారం నాడు, కృష్ణపట్నం రోడ్డులోని మా కార్ఖానాలో మైక్రోవేవ్ కొలిమి ట్రయల్ నాకు అప్పగించారు. అప్పుడు నేను సింటరింగ్ విభాగం ఇన్‌చార్జిని. గడువు ముప్పై రోజులు. ఆలోగా ఒక్క కస్టమరైనా సరుకు బాగుందనకపోతే కొలిమి వెనక్కి, దాన్ని సిఫారసు చేసిన నేను స్టోర్సుకి.

మేము బోర్లు వేసే బిట్ల మొనకు పొదిగే బటన్లు, అంటే రాయిని పిండిచేసే గట్టి గుబ్బలు, చేసేవాళ్లం. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిలో కోబాల్ట్ కలిపి అచ్చులో నొక్కితే సుద్దముక్కలాంటి బిళ్ల వస్తుంది. కోబాల్ట్ కరిగి కార్బైడ్ రేణువులను గట్టిగా పట్టుకునేదాకా దాన్ని కాల్చడమే సింటరింగ్. పాత కొలిమిలో అందుకు రోజంతా పట్టేది. మైక్రోవేవ్‌లో బిళ్ల లోపలి నుంచే వేడెక్కుతుంది, కొన్ని గంటల్లో పని ముగుస్తుంది. రేణువులు లావెక్కే వ్యవధి ఉండదు కనుక బటను త్వరగా అరగదు.

ఇదంతా వర్క్స్ మేనేజరు గారికి వివరించాను. ఆయన పేరు రాయను, రాస్తే మురిసిపోతారు. పదిమంది ముందు ఆయన, "ఏందయ్యా, స్టీలు గిన్నె పెడితేనే నిప్పులు రాలతాయే, ఇందులో లోహం ఎట్టా కాలస్తావు? ఇది ఉప్మా పొయ్యి. టిఫిను ఏడి చేసుకో పో" అన్నారు. గట్టి లోహం మైక్రోవేవ్‌ను తిప్పికొడుతుందనీ, పొడి పీల్చుకుంటుందనీ చెప్పబోయాను. వినలేదు. పైగా నా ట్రయల్ నోట్ మీద ఎర్రసిరాతో "ఉప్మా పొయ్యి. అనుమతించడమైనది" అని రాసి సంతకం పెట్టారు.

మా నిబంధన ప్రకారం అనుమతి పత్రంలో యంత్రానికి ఏ పేరుంటే రిజిస్టరులోనూ అదే ఉండాలి. దిద్దే అధికారం నాకు లేదు. ఉన్నా దిద్దేవాణ్ణి కాదు. ఎక్కించాను.

పన్నెండో రోజున కోవూరులో బోరు రిగ్గు నడిపే మస్తాన్‌కు తొలి సరుకు వెళ్లింది. వెంట వెళ్లిన పరీక్షా పత్రంలో "కాల్చిన యంత్రం: ఉప్మా పొయ్యి" అని ఉంది. కింద మేనేజరు గారి సంతకం. పత్రాలు చదివి సంతకం పెట్టే అలవాటు ఆయనకు లేదు.

ఇరవై తొమ్మిదో రోజున స్టోర్సు బదిలీ కాగితం తీసుకొమ్మని పిలిస్తే ఆయన గదికి వెళ్లాను. అంతలో మస్తాన్ ఆ పత్రం పట్టుకుని వచ్చాడు.

"ఏంది సార్, కార్బైడుతో ఉప్మా చేస్తా ఉండారా?"

మేనేజరు గారు నా వైపు చూశారు. నేను ఆయన సంతకం వైపు చూశాను.

"పేరుదేముందిలే సార్! నల్లరాయిలో దించినా అరగలా. ఇంకో రెండు పెట్టెలు కావాల. ఆ పొయ్యిలో కాల్చినయ్యే ఇయ్యండి, పాతయి వద్దు" అన్నాడు మస్తాన్.

బదిలీ కాగితం సొరుగులోకి వెళ్లింది. కొలిమి నిలిచింది. పేరు మార్చమని మేనేజరు గారు మూడుసార్లు అడిగారు. మొదటి పేరు ఎందుకు పెట్టారో కారణం రాసి ఇవ్వాలని మూడుసార్లూ నిబంధన చూపించాను. ఇవ్వలేదు. నేను రిటైరైన రోజుకీ రిజిస్టరులో ఆ పేరే ఉంది.

దీనివల్ల నేను నేర్చుకున్నది ఒకటే. పై అధికారి వెక్కిరిస్తే జవాబు చెప్పకూడదు, సంతకం పెట్టించుకోవాలి.