తోక ఉన్న ఫోటో

జిరాక్సు కొట్టు నడిపే ఆవిడను వీధంతా అనుమానాలక్క అంటుంది. ప్రింటు కోసం ఎవరు మెయిల్ పంపినా ముందు ఫోన్ చేస్తుంది. మీరే పంపారా, ఎన్ని పేజీలు, మొదటి పేజీలో ఏముంది?

"అక్కా, ప్రింటు తీస్తావా, వాంగ్మూలం రాసుకుంటావా?" అంటాడు ఇన్సూరెన్సు ఏజెంటు.

"రెండూను. కూర్చో."

రెండేళ్ళ క్రితం ఆమె ఇలా లేదు. చెల్లెలి పేరుతో వచ్చిన ఫైలును ఏమీ అడక్కుండా తెరిచింది. తెల్లారేసరికి, ఒక లెక్చరరుగారి కోసం ఆరు నెలలు టైపు చేసిన పుస్తకం మాయమైంది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"నీ కంప్యూటర్ రోగం నాకంటించావే."

"నేనసలేమీ పంపలేదక్కా."

అబద్ధమనుకుంది. నోటికొచ్చినట్టు తిట్టింది. మనిషి పంపకపోయినా మనిషి పేరుతో మెయిళ్ళు వెళ్తాయని తర్వాత రిపేరు మనిషి చెప్పాడు. అప్పటికే చెల్లెలు మాటలు మానేసింది. తప్పు నాదేనని చెప్పడానికి అక్కకు నోరు రాలేదు.

ఈ ఉదయం తెర మీద మళ్ళీ ఆ పేరు. కిటికీలోంచి వాలిన ఎండ కీబోర్డు మీది దుమ్ముకు ప్రాణం పోస్తోంది. 'పాత ఫోటోలు, చూడు' అని ఒక్క ముక్క, కింద ఒక ఫైలు. వేలు మౌస్ దాకా వెళ్ళి ఆగింది. 'అక్కోయ్' అనకుండా చెల్లెలు ఏనాడైనా మొదలుపెట్టిందా? ఫైలు పేరు మళ్ళీ చదివింది. ఫోటోకు ఉండాల్సిన 'jpg' అనే మూడక్షరాల వెనక 'exe' అని ఇంకో మూడక్షరాల తోక. అలాంటి తోక ప్రోగ్రాములకే ఉంటుంది.

అయినా, నిజంగా అదే పంపి ఉంటే? తేల్చుకోవాలంటే ఫోన్ చెయ్యాలి. చేసింది.

"నువ్వు ఫోటోలు పంపావా?"

"రెండేళ్ళకి ఫోన్ చేసి ఇదా అడిగేది? పంపలేదు. ఈసారైనా నమ్ముతావా?"

"నమ్ముతాను. అప్పుడూ నమ్మాల్సింది. నీ కంప్యూటర్లో వైరస్ దూరింది. నీ దగ్గరున్న అడ్రసులన్నిటికీ అదే పంపుకుంటోంది. ముందు నెట్ వైరు పీకెయ్."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"పీకేశా."

"నా అడ్రసు ఇంకా ఎందుకుంచావు?"

"తీసెయ్యడం మర్చిపోయా."

అది మాత్రం అక్క నమ్మలేదు.

"వైరస్ తీయించాక నిజం ఫోటోలు పంపితే తెరుస్తావా?"

"ఎన్నో చెప్పు. మొదటిదాంట్లో ఎవరున్నారు?"

"రాసుకో అక్కోయ్. మూడు. మొదటిదాంట్లో నువ్వూ నేనూ, మధ్యలో నువ్వు విరగ్గొట్టిన నా సైకిలు."

అక్క నిజంగానే కాగితం తీసి రాసుకుంది.