తాతయ్య కుర్చీలో డప్పు ముసలాయన

నా చిన్నప్పుడు మా ఊళ్లో మా ఇంటిని పెద్దిల్లు అనేవారు. మా ముత్తాత, ఆయన తండ్రి, వాళ్ల తరువాత మా తాతయ్య, ముగ్గురూ ఆ ఊరికి పోలీసు పటేళ్లు. తాతయ్య టేకు కుర్చీలో ఇంకెవరూ కూర్చునేవారు కాదు. మా నాన్న కూడా దాని పక్కన నిలబడే మాట్లాడేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఊళ్లో డప్పు కొట్టే ముసలాయన ఒకరోజు చెప్పులు చేతబట్టుకుని మా గడప బయట నిలబడ్డాడు. నిజాం కాలంలో రజాకార్ల మీద పోరాడినవాళ్ల జాబితా సర్కారువాళ్లు రాస్తున్నారని, అందులో తన పేరూ ఎక్కాలని, అందుకు తాతయ్య సాక్ష్యం కావాలని వచ్చాడు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా ఉండేది.

"తుపాకి వట్టినవా, ఉత్త డప్పే గొట్టినవా?" అని నవ్వాను.

"ఉత్త డప్పే, చిన్నదొరా," అన్నాడాయన.

తాతయ్య లేచాడు. తాసీల్దారు వచ్చినా లేవని మనిషి. ముసలాయన్ని రెక్క పట్టుకుని లోపలికి తెచ్చి, వద్దు పటేలా అంటున్నా వినకుండా, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. "నువ్వు చెప్పు. వీడు నిలవడి ఇంటడు," అన్నాడు.

రజాకార్లు ఊరిమీదికి వచ్చిన పొద్దున, జనాన్ని చావడి ముందుకు పిలుస్తూ చాటింపు వేయమన్నారట. ఈయన చాటింపు దెబ్బకు బదులు శవం లేచేటప్పుడు కొట్టే చావుదెబ్బ కొట్టాడు. బయటివాళ్లకు రెండూ ఒకటే. ఊళ్లో ఎవరూ చావలేదని మావాళ్లకు తెలుసు కనుక, కీడు వచ్చిందని గ్రహించి వెనకదారిన జొన్నచేలల్లోకి వెళ్లిపోయారు. పటేలై ఉండి కూడా పోరాడేవాళ్లకు తిండి పెడుతున్నాడని, రజాకార్లు వెతుకుతున్నవాళ్లలో మొదటివాడు మా తాతయ్యే. చావడి ముందు ఒక్కరూ లేకపోయేసరికి వాళ్లు తుపాకి మడమతో ఈయన చెయ్యి విరగ్గొట్టారు.

తాతయ్య సాక్ష్యం రాసి సంతకం పెట్టాడు. డప్పు కొట్టడం పోరాటం కాదని ఆఫీసువాళ్లు కాగితం తిప్పి పంపారు. ఆ తరువాత ముసలాయన ఎప్పుడు వచ్చినా తాతయ్య లేచేవాడు, నేను ఆ కుర్చీ దులిపేవాణ్ని.

ఇప్పుడు నేను సౌదీలోని దమ్మామ్‌లో ఒక గోదాముకు స్టోర్ కీపర్‌ని. ఆ డప్పు ముసలాయన మనవడు ఇక్కడే క్రేన్ నడుపుతాడు. అతను లోపలికి వస్తే ఇప్పటికీ లేచి నిలబడతాను.

"కూసో పటేలా. ఫోర్‌మన్ జూస్తె నన్నే పెద్ద సారనుకోని సలాం గొడ్తడు," అని నవ్వుతాడు.

"కొట్టనియ్. మీ తాత ఎవరో ఆయనకు తెల్వదు," అంటాను.

ఏ జాబితాలోనూ లేని ఆ పేరు నా ముగ్గురు పిల్లలకూ నేర్పాను. ఎవరు వస్తే లేవాలో తాతయ్య నాకు ఆ ఒక్కరోజులో నేర్పాడు. ఆ టేకు కుర్చీ మాత్రం మా దగ్గర లేదు. నా మొదటి వీసా ఖర్చుకు, మిగిలిన చివరి చెలక భూమితోపాటు దాన్నీ అమ్మేశాం.