అవనిగడ్డ డబ్బా

మా ఇంట్లో వంట నాది, గిన్నెలు తోమడం మా ఆయనది. పెళ్ళైన కొత్తలో వేసుకున్న పంపకం. నా దొంగతనం బయటపడింది కూడా ఆ గిన్నెల దగ్గరే.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. నాకు మా ఆయన ఉన్నారు. అవనిగడ్డలో ఎరువుల కొట్టు నడిపే ఇంకొకాయన కూడా ఉన్నారు, ఆయన భార్య పోయి చాలాకాలమైంది. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. హవ్వ అని నోరు నొక్కుకునేవాళ్ళు నొక్కుకోండి. ఆరేళ్ళ క్రితం మనసు అటు లాగుతోందని తెలియగానే, ఏమీ జరగకముందే, మా ఆయనకు చెప్పాను. నాలుగో రోజు కాఫీ తాగుతూ, "దాచుంటే ఈ ఇంట్లో ఉండేవాణ్ణి కాదు. చెప్పావు కాబట్టి ఆలోచిస్తున్నా" అన్నారు.

నెలల తరబడి మాట్లాడుకుని ఒక మాట అనుకున్నాం. వెళ్ళేముందు చెప్పాలి. ఎవరు ఆగమన్నా ఆగాలి, ఎందుకని నిలదీయకూడదు. అదే వీలు ఆయనకూ ఉంది. గుడివాడలో ఒకావిడతో ఏడాది స్నేహం నడిచింది కూడా. నేను కుళ్ళి చచ్చాను, ఆ ముక్క ఆయనకే చెప్పాను. నవ్వకుండా విన్నారు.

ఇంత తెలిసినదాన్ని నిరుడు ఏం చేశానో చూడండి. మా బావగారికి గుడివాడలో ఆపరేషన్ అయింది. మా ఆయన రోజూ బందరు నుంచి వెళ్ళివస్తున్నారు. "ఈ వారం అవనిగడ్డ వెళ్ళకు. నువ్వు ఇంట్లో ఉన్నావంటే నాకదో ధైర్యం" అన్నారు. సరేనన్నాను. మర్నాడు అవనిగడ్డాయన ఫోన్ చేసి, "చేపల పులుసు పెట్టానండీ, వస్తారా?" అన్నారు. ఆగమన్న సంగతి ఆయనకు చెప్పలేదు. ఇంట్లో చీరల వ్యాపారం ఉంది కదా, సరుకు కోసం పెడన వెళ్తున్నానని మా ఆయనకు చెప్పి అటు బస్సెక్కాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

వస్తూ వస్తూ మిగిలిన పులుసు స్టీలు డబ్బాలో తెచ్చుకుని, తినేసి, సింకులో పడేశాను. అదీ నా తెలివి! మా వైపు పేరు కొట్టించని స్టీలు సామాను ఎవరింట్లో ఉంటుంది? సాయంత్రం మా ఆయన డబ్బా తిరగేసి తోముతుంటే అడుగున అవనిగడ్డాయన ఇంటిపేరు కనిపించింది. కుళాయి కట్టేశారు.

"నువ్వెళ్ళింది పెడన కదా?"

తప్పు నాదైతే ఇంకా గొంతు పెంచే రకాన్ని నేను. "మీరొచ్చేసరికి ఇంట్లోనే ఉన్నాగా! ఏం కొంప మునిగిందని?" అని ఎగిరాను.

"వెళ్ళినందుకు కాదే. ఆగావనుకుని ఆసుపత్రి బెంచీ మీద ధైర్యంగా కూర్చున్నా. ఆ ధైర్యం ఉత్తదన్నమాట."

ఈ మనిషి ఇక నన్ను నమ్మడేమోనని మొదటిసారి భయం వేసింది. అవనిగడ్డాయనైనా ఓదారుస్తారనుకుని ఫోన్ చేస్తే, "వారు ఆగమన్నారని నాకెందుకు చెప్పలేదండీ? మీ అబద్ధంలో నన్నూ కలిపేశారు. వారు వెళ్ళమనేదాకా మీరు రావద్దు" అని పెట్టేశారు. ఇద్దరి దగ్గరా చీవాట్లే. సిగ్గుతో ఏడ్చాను.

మా ఆయన ఆ డబ్బా శుభ్రంగా తోమి అలమరలో బోర్లించారు. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదంటారు మా వాళ్ళు, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి ఇస్తారు. ఓ రోజు సున్నుండలు చేసి అందులో పెట్టబోయాను. "ఇప్పుడే కాదు" అన్నారు. రెండు నెలలు అది అలాగే ఉంది. అలమర తీసినప్పుడల్లా ముందు అదే కనిపించేది. క్షమించమని ఎన్నిసార్లు అడిగానో, అడిగిన ప్రతిసారీ వెనకాల ఒక "కానీ" తగిలించేదాన్ని. ఆ "కానీ" వదలడానికే నాకు నెల పట్టింది.

ఒక ఆదివారం పొద్దున్నే పోపు వాసన వచ్చింది. మా ఆయనకు వచ్చిన ఒకే ఒక్క వంట చింతకాయ పచ్చడి. చేసి, ఆ డబ్బా నిండా పెట్టి నా చేతికిచ్చారు.

"ఇచ్చిరా."

"నన్ను క్షమించినట్టేనా అండీ?"

"డబ్బా ఆయనది. ఖాళీగా పంపడానికి పాపం ఆయన చేసిన తప్పేముంది? నీ సంగతి ఇంకా చూడాలి. ఐదున్నర బస్సుకి వచ్చెయ్యి. గిన్నెలు అలాగే ఉంచుతా, ఇవాళ నువ్వే తోముదువుగాని."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని చల్లపల్లి దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఇలాంటి మనిషి దొరకడానికి నేనేం పుణ్యం చేసుకున్నానో అనిపించింది. అబద్ధంలో పాలు పంచుకోనన్న ఆ రెండో మనిషికీ బస్సులోనే దణ్ణం పెట్టుకున్నాను.

నాలుగున్నర బస్సుకే వచ్చేశాను. సింకు నిండా గిన్నెలు. నేను తోముతుంటే ఆయన పక్కన నిలబడి తుడిచి సర్దారు. నేను బయల్దేరేటప్పుడు అవనిగడ్డాయన ఆ డబ్బా నిండా మామిడి తాండ్ర పెట్టి ఇచ్చారు. ఈసారి ఆ మాట అక్కడ బస్సెక్కగానే ఫోన్ చేసి మా ఆయనకు చెప్పేశాను.