మల్లమ్మ చూసిన సీరియల్

కోసిగి దగ్గరి ఆ పల్లెలో దీపావళి దాటితే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. జనం కూలి వెతుక్కుంటూ సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోసి ఉగాదికి తిరిగొస్తారు. మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచి మల్లమ్మ మాత్రం ఊరు కదల్లేదు. భర్త లేడు, పిల్లలు లేరు. ఇంట్లో ఒక టీవీ ఉంది. అందులో సాయంత్రం ఏడున్నరకు ఒక సీరియల్ వస్తుంది.

సుగ్గి నుంచి వచ్చిన ఆడవాళ్లు మూటలైనా విప్పకుండా మల్లమ్మ అరుగు మీదకు చేరేవారు. ఐదు నెలల కథ ఆమె చెప్పాలి. సీరియల్లో కోడలి పేరు కావేరి. ఆ కావేరి అత్తవారింటి నుంచి బయటపడి ఏట్లోకి దిగిందనీ, నీళ్ల అడుగున పుట్టింటి వాకిలి కనిపించిందనీ, ఆ వాకిట్లో చిన్నప్పటి తనే కూర్చుని జడ వేసుకుంటోందనీ మల్లమ్మ మెల్లగా చెబుతుంటే, పొరుగింటి తిమ్మక్కకు మిరప ఘాటుకు మండిన వేళ్లు చల్లబడినట్టుండేది.

ఈ ఏడు తిమ్మక్క కూతురు మౌనిక, ఆదోనిలో డిగ్రీ చదువుతున్న పిల్ల, సెలవులకు కొత్త ఫోనుతో వచ్చింది.

"పాత ఎపిసోడ్లన్నీ ఇందులోనే ఉంటాయమ్మా. మనకెప్పుడు కావాలంటే అప్పుడు సూడొచ్చు" అంది.

మధ్యాహ్నం అరుగు మీద ఫోనును చెంబుకు ఆనించి పెట్టారు. వరసగా చూశారు. కావేరి వంటింట్లో ఏడ్చింది, ఆసుపత్రిలో ఏడ్చింది, ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టనంది. ఏరు మాత్రం రాలేదు.

"ఏటికాడికి ఎప్పుడు పోతాదే?" అని అడిగింది తిమ్మక్క.

మౌనిక వేలితో ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది. "యాడా లేదమ్మా. ఈ కతలో ఏరే లేదు."

అందరూ మల్లమ్మ వైపు తిరిగారు.

"నేను సూసినానే! ఈ కండ్లతోనే సూసినా" అంది ఆమె. గోడ పట్టుకుని లేచి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు తిమ్మక్క జొన్నరొట్టెలు తీసుకుని వెళ్లింది. మల్లమ్మ చాప అంచు పీకుతూ నోరు విప్పింది.

"మొదటి పాట వినపడతానే నాకు కునుకు పడతాది. లేసేసరికి వార్తలొస్తాంటాయి. ఏది టీవీలో సూసినానో, ఏది నిద్రలో సూసినానో నాకే తెలీదు తిమ్మక్కా. అబద్ధం మాత్రం సెప్పలేదు."

"అబద్ధమని ఎవురన్నారక్కా? మిరపసాళ్లల్లో వంగి ఉన్నప్పుడు నేను తలుసుకునేది ఆ ఏరునే. ఆ ఆసుపత్రిని కాదు." తిమ్మక్క రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టింది. "ఇంతకీ ఆ పాప జడ ఏసుకునిందా? కావేరిని గుర్తు పట్టిందా?"

మల్లమ్మ కళ్లు మూసుకుంది. "పట్టింది. 'ఇంత ఆలిస్యమేమి?' అని అడిగింది" అంది.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నాలు వేరే తీరుగా సాగాయి. ఫోనులో కథ నడిచేది. మల్లమ్మ తల వాలగానే మౌనిక ఆపేసేది. ఎవరూ లేపేవారు కాదు. వేపపూత రాలి చీరల మీద పడేది, ఎక్కడో మేక అరిచేది. ఆమె మేలుకుని, కాసేపు ఎక్కడున్నదీ తెలియనట్టు చూసి, నీటి కింది వీధుల గురించి, అక్కడ ఆరేసిన తడవని చీరల గురించి చెప్పేది. అది విన్నాకే ఫోనులో మిగిలిన కథ.

మళ్లీ దీపావళి వచ్చింది, ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఈసారి తిమ్మక్క దగ్గరా, మల్లమ్మ దగ్గరా ఫోన్లు ఉన్నాయి. గుంటూరు చేలల్లో అన్నం వేళకు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని మల్లమ్మకు ఫోన్ చేస్తారు. స్పీకరు పెట్టి మధ్యలో ఉంచుతారు. కథ చెప్పే గొంతు ఒకోసారి తెగిపోతుంది. ఒకోసారి మాట మధ్యలో ఆమె నిద్రపోతుంది. అప్పుడు వాళ్లు ఫోను కట్ చేయరు. ఆమె ఊపిరి వింటూ, ఎర్రటి చేల మధ్య నెమ్మదిగా అన్నం తింటారు.