దొరలొచ్చిన నాటి పట్టు లంగా

పాలపొడి డబ్బా మూత తీసినప్పుడల్లా ఆ తియ్యటి, కాస్త మక్కిన వాసనకి నా చెయ్యి ఓ క్షణం ఆగిపోతుంది. పాలు మా చెల్లెలు రూతుకి. పొద్దున్నే మాత్ర వేసుకుని పాలు తాగడం దానికి చిన్ననాటి అలవాటు. నరసరావుపేటలో గేదె పాలు దొరక్క కాదు, దానికి ఆ పొడి పాలే కావాలి. అరవై ఏళ్ళకు దగ్గరపడిన మనిషితో వాదించే ఓపిక నాకు లేదు, కలిపి ఇచ్చేస్తాను.

ఈపూరు దాటి లోపలికి వెళితే వచ్చే మా ఊళ్ళో ఆ వాసన ఒక్కచోటే ఉండేది. చర్చి పక్కన నాపరాళ్ళ గోడలతో, పెంకుల వసారాతో పొడవాటి కట్టడం ఒకటి ఉండేది, సగం బడి, సగం ఆసుపత్రి. అది సముద్రాల అవతలి వాళ్ళు పంపే డబ్బుతో నడిచేది. ఏ దేశం వాళ్ళో మాకెవరికీ తెలియదు, మా దృష్టిలో తెల్లగా ఉన్నవాళ్ళంతా దొరలు, దొరసానులు. మధ్యాహ్నం గంట కొట్టగానే పలకలు బోర్లించి పరిగెత్తితే గోధుమ నూక ఉప్మా పెట్టి, సత్తు గ్లాసుల్లో పొడి పాలు పోసేవాళ్ళు. అడుగున ఉండలు కట్టిన పొడిని వేలితో తీసుకుని, అంగిట్లో అంటించుకుని, అది కరిగేదాకా ఎవరు పిలిచినా పలక్కుండా అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళం. ఎండలు ముదిరే ముందు కల్లాల్లో మిరపకాయలు ఎండబోస్తే ఊరంతా ఎర్రబడి, పాఠం చెప్పే పంతులుగారూ, అప్పజెప్పే పిల్లలూ కలిసి తుమ్మేవాళ్ళు. క్రిస్మస్‌కి అమ్మ అరిసెలు వత్తుతుంటే నూనె సెగకి దూరంగా కూర్చుని నువ్వులు అద్దడం మా పని.

దూరంగా కూర్చోవడం రూతు వల్ల. దానికి మూర్ఛ. పొయ్యి దగ్గరా, బావి గట్టు మీదా ఎక్కడ పడితే అక్కడ విరుచుకు పడిపోయేది. ఆసుపత్రిలో ఉండే నర్సమ్మని ఊరంతా సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆవిడ రోజూ పొద్దున్నే రూతుని పిలిచి, తన ఎదురుగా మాత్ర మింగించి, ఆ పాలు తాగించేది. ఏడాది తిరిగేసరికి పడిపోవడం ఆగింది. అది బడికొచ్చింది, ఎక్కాలు నేర్చింది, చివరికి అమ్మ దాన్ని పొయ్యి దగ్గరికి కూడా రానిచ్చింది.

అలాంటి రోజుల్లో దొరలు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. సిస్టరమ్మ ఇంటింటికీ తిరిగి ప్రత్యేకంగా ఏమీ చెయ్యొద్దని, రోజూ ఎట్లా ఉంటారో అట్లాగే రమ్మని చెప్పింది. విన్నవాళ్ళు తలలూపారు కానీ ఎవరూ ఒప్పుకోలేదు. సంఘ పెద్ద యేసోబు తాత చర్చి వసారాలో నిలబడి తేల్చేశాడు.

"మన కడుపు నింపినోళ్ళు వస్తంటే చిరుగు గుడ్డల్తో ఎదురుపోతామా? మనకి మాత్రం మర్యాద లేదేంది?"

ఇక చూడాలి. గోడలకి సున్నం పడింది. కోళ్ళు తెగాయి. ఉన్నవాళ్ళు ఇచ్చారు, లేనివాళ్ళు అడిగి తెచ్చుకున్నారు. అమ్మ అంగడి శెట్టిగారి భార్య సుబ్బాయమ్మ గారిని బతిమాలి వాళ్ళమ్మాయి పట్టు లంగా, మెడలో గొలుసు ఎరువు తెచ్చి రూతుకి వేసింది. ఆకుపచ్చ లంగా, ఎర్ర అంచు. నాకు అసూయ వేసింది. దొరసానికి దండ వేసింది రూతే. ఆవిడ దాని బుగ్గ నిమిరి, లంగా అంచు పట్టుకుని చూసి, పక్కనున్న దొరతో ఏదో చెప్పి నవ్వింది. అమ్మ మొహం ఆ రోజు వెలిగినట్టు మళ్ళీ వెలగడం నేను చూడలేదు. అన్నం, కోడికూర, గోంగూర కొసరి కొసరి వడ్డించి, శాలువాలు కప్పి, కారు కనిపించనంత దూరం పోయేదాకా చేతులూపి పంపించాం.

వానలు మొదలయ్యాక సిస్టరమ్మ పెట్టె సర్దుకుంది. ఈ ఊరు బాగుపడిందని దొరలు అనుకున్నారని, అంతకంటే అవసరం ఉన్న చోటికి సాయం మళ్ళించారని చెప్పింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం చీర చెంగు నోట్లో కుక్కుకుని వాకిట్లో కూర్చుండిపోయింది.

"అయి ఎరువు సొమ్ములని ఒక్కళ్ళయినా చెప్పలేదేందమ్మా?" అంది.

"చెప్పనిచ్చారా మీరు?" అంది సిస్టరమ్మ, నెమ్మదిగానే.

మిగిలిన మాత్రలు కొన్నాళ్ళొచ్చాయి. తర్వాత మాత్రలకి నరసరావుపేట పోవాలి. కూలి మానుకుని, బస్సు పట్టుకుని, నాన్న వెళ్ళగలిగినన్నాళ్ళు వెళ్ళి తెచ్చాడు. మాత్రలు అయిపోయి, వాన పట్టుకుని బస్సు రాని వారం ఒకటి వచ్చింది. ఆ వారంలో రూతు సంకటి కలుపుతూ పొయ్యిలోకి పడింది. ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యి ముడుచుకుపోయింది, బడి అక్కడితో ఆగింది.

ఎవరిని తిట్టుకోవాలో ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు. పేదరికం కనపడేట్టు నిలబడాలని మాకెవరూ నేర్పలేదు, నేర్పినా మావాళ్ళకి వచ్చేది కాదు. ఆ కట్టడంలో ఇప్పుడు మిర్చి బస్తాలు వేస్తున్నారు. వసారా కూలింది. యేసోబు తాత లేడు, అమ్మ లేదు. సత్తు గ్లాసులు ఎవరింట్లోనూ లేవు.

రూతు మాత్రలు ఇప్పుడు ఇక్కడే ఒక ట్రస్టు వాళ్ళు ఇస్తున్నారు. అదీ బయటి దేశాల డబ్బే. ఆ డబ్బు తగ్గిపోతోందట, ఇవాళ చూడటానికి ఎవరో వస్తున్నారట, ఇంట్లో ఎట్లా ఉంటారో అట్లాగే రమ్మని అక్కడి అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

పాలు తీసుకుని గదిలోకి వెళ్ళేసరికి రూతు బీరువా తెరిచి నిలబడి ఉంది. నా కూతురి పెళ్ళిలో దానికి పెట్టిన పట్టుచీర, ఆకుపచ్చదే, మంచం మీద పరిచి, బాగున్న చేత్తో మడతలు సరిచేస్తోంది.

"అక్కా, కుచ్చిళ్ళు పట్టుకోవే. పెద్దోళ్ళు వస్తన్నారంట" అంది.

పాత నేత చీర తీసి చేతికిద్దామని ఒక అడుగు వేశాను. తర్వాత గ్లాసు కింద పెట్టి, కూర్చుని, కుచ్చిళ్ళు పట్టుకున్నాను.